దెబ్బ వెనక్కి వచ్చే రాయి: భీమారం దారిలో మేము పలక చెక్కించిన దుకాణం

కాజీపేటలో మేము ఆడుకున్న బడి మైదానం అంచున, వేపచెట్టు కింద, మా ఫుట్‌బాల్ గురువుగారి పేరిట ఒక రాతి పలక నిలబెట్టాలని పాత ఆటగాళ్ళం తొమ్మిదిమందిమి కిందటి ఏడాది అనుకున్నాం. చెక్కించే పని నా మీద పడింది. రెండు దుకాణాలు తిరిగాను. మొదటి చోట డబ్బూ పోయింది, మూడు వారాలూ పోయాయి. రెండోది దొరకడం మా అదృష్టం. ఇంటి ముందు పేరు పలక కానీ, పెద్దల సమాధికి ఫలకం కానీ, బడికో గుడికో శిలాఫలకం కానీ చెక్కించుకోవాలనుకునేవారికి పనికొస్తుందని ఆ రెండో దుకాణం గురించి వివరంగా రాస్తున్నాను.

దుకాణానికి బోర్డు లేదు. హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం దాటి భీమారం మీదుగా హసన్‌పర్తి వైపు వెళుతుంటే ఎడమచేతి పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు చింతచెట్టు, చెట్టు మొదట్లో సగం చెక్కి వదిలిన నంది కనిపిస్తాయి. ఆ నందే గుర్తు. కరీంనగర్ వైపు నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే లారీలు ఆ దారినే పోతుంటాయి కాబట్టి రోడ్డు మీద దుమ్ము ఎక్కువ. బండి షెడ్డు వెనక నీడలో పెట్టుకోండి.

మొదట నేను వెళ్ళింది కంప్యూటర్ యంత్రంతో అక్షరాలు చెక్కే చోటుకి. పేరు రాయను. ఫోనులో టైపు చేసిన మాటలు పంపమన్నారు, పంపాను. వారి యంత్రంలోకి వెళ్ళేసరికి తెలుగు చెదిరిపోయింది. ‘శిక్షకులు’ అన్న మాటలో క్షకారం విడిపోయి, కకారానికి పొల్లు, పక్కన వేరుగా షకారం వచ్చి కూర్చున్నాయి. గురువుగారి పేరులో ఉన్న ఒత్తు రెండక్షరాల అవతల పడింది. చెక్కే ముందు ఒక్కసారి చూపించమని అడిగినా చూపించలేదు. పలక చేతికి వచ్చాక అడిగితే మీరు పంపింది అలాగే ఉందన్నారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన బడిపంతుల్ని, తప్పు అక్షరాలతో గురువు పేరు బడి మైదానంలో ఎలా నిలబెట్టను? ఆ పలక ఇప్పుడు మా ఇంటి వెనక బోర్లా పడి ఉంది.

రెండో చోట మేస్త్రి అడిగిన మొదటి మాట, “ఫోనులో అక్షరాలు వద్దు సార్. మీ చేత్తో కాగితం మీద రాసివ్వండి” అని. అప్పుడే నాకు సగం ధైర్యం వచ్చింది. ఆయనకు అరవైకి దగ్గరగా ఉంటాయి. షెడ్డులో ఆయన, ఆయన మేనల్లుడు, ఇద్దరే పని చేస్తారు. కోతకూ పాలిష్‌కూ యంత్రాలు ఉన్నాయి కానీ అక్షరం మాత్రం ఉలితోనే.

నేను రాసిచ్చింది నాలుగు వరుసలు. ‘ఈ మైదానంలో మాకు బంతిని పంచుకోవడం నేర్పిన’ అని మొదలై, గురువుగారి పేరు, చివర ‘శిష్యులు’ అని ముగుస్తుంది. మేస్త్రి దాన్ని బిగ్గరగా చదివి, “బంతిని పంచుకోవడం అంటే ఏమిటి సార్? బంతి ఒకటే కదా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి నేను ఆ షెడ్డులో గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నర ఈ సమీక్షలో లేకపోతే ఆ దుకాణం ఎలాంటిదో చెప్పినట్టు కాదు.

మా గురువుగారు లోకో షెడ్డులో ఫిట్టరు. పని దిగి, నూనె మరకల చొక్కాతోనే మైదానానికి వచ్చేవారు. మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లీషు ఆటల పుస్తకం ఒకటి ఉండేది. అందులో చదివి వచ్చి, మేము నీళ్ళు తాగేటప్పుడు చుట్టూ కూర్చోబెట్టి చెప్పేవారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఫెర్గస్ సూటర్ కథ. నేనూ అతనిలాగే ఫుల్‌బ్యాక్, అంటే గోల్ ముందు కాపు కాసేవాడిగా, ఆడేవాణ్ణి కాబట్టి, తర్వాత దొరికిన ప్రతి చోటా అతని గురించి చదివాను.

“సూటర్ కూడా మీ పనివాడే మేస్త్రీ. రాళ్ళు చెక్కేవాడు” అన్నాను. ఆయన సుత్తె కింద పెట్టారు.

సూటర్ 1857 నవంబరు 21న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. ఆ కాలంలో ఇంగ్లండువారి ఫుట్‌బాల్ అంటే, బంతి దొరికినవాడు తల వంచుకుని దాన్ని తన్నుకుంటూ ఎదుటివారి మధ్య నుంచి దూసుకుపోవడం, మిగతావారు అతని వెనక పరుగెత్తడం. స్కాట్లండులో, ముఖ్యంగా గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ క్లబ్బువారు, బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ముందుకు వెళ్ళే పద్ధతిని పెంచారు. ప్రపంచంలో తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1872 నవంబరు 30న గ్లాస్గో పక్కనే ఉన్న పార్టిక్‌లో, ఒక క్రికెట్ మైదానంలో జరిగింది. స్కాట్లండు తరఫున దిగినవారంతా క్వీన్స్ పార్క్ ఆటగాళ్ళే. ఒక్క గోలూ పడలేదు. ఆ రోజుకు సూటర్‌కు పదిహేనేళ్ళు నిండి తొమ్మిది రోజులు. తర్వాత అతను ఆడింది ఆ పార్టిక్ ఊరి జట్టుకే.

1878 తొలి రోజుల్లో పార్టిక్ జట్టు ఇంగ్లండులోని లాంకషైర్‌కు వెళ్ళి డార్వెన్ అనే ఊరి జట్టుతో ఆడింది. డార్వెన్ పత్తి మిల్లుల ఊరు. అది ఎలాంటి ఊరో మా నాన్న బతికి ఉంటే ఒక్క క్షణంలో అర్థం చేసుకునేవారు. ఆయన వరంగల్ ఆజంజాహి మిల్లులో నేత పనివారు. 1934లో పెట్టిన ఆ మిల్లు సైరను మోగితే ఊరు లేచేది, మోగితే ఊరు అన్నానికి కూర్చునేది. అలాంటి ఊరికి ఆ ఏడాదే ముందు జేమ్స్ లవ్, అతని వెనక సూటర్ చేరారు. ఇద్దరూ పార్టిక్ వారే. ఆటకు డబ్బు తీసుకోవడం అప్పటి పద్ధతి ప్రకారం తప్పు. అందుకే డార్వెన్‌లో సూటర్ వచ్చింది రాతి పనికి అన్నారు. కానీ కొద్ది రోజులకే అతను ఉలి వదిలేశాడు. ఎందుకని అడిగితే, ఇంగ్లండు రాయి మరీ గట్టిదని, దాన్ని కొడితే చేతులు వాస్తున్నాయని చెప్పాడట. ఆ మాటను చరిత్ర రాసినవారు చాలామంది సాకుగానే చూశారు. మా గురువుగారు కూడా ఆ చోటికి వచ్చేసరికి చిన్నగా నవ్వేవారు.

మేస్త్రి నవ్వలేదు. “అతని ఊళ్ళో ఏ రాయి?” అన్నారు.

గ్లాస్గో భవనాలు ఎక్కువగా ఇసుకరాతివి. ఉలికి మెత్తగా లొంగే రాయి. లాంకషైర్‌లో తిరగలి రాళ్ళకు వాడే గరుకు రాయి, మొండి రాయి. అది చెప్పగానే ఆయన, “రామప్ప చూశారు కదా సార్” అన్నారు. 1213 నాటి ఆ గుడిలో గోడలు ఎర్రటి ఇసుకరాయి. మదనికలు మాత్రం నల్లరాయి. “ఒకే గుడి. కానీ గోడ కట్టినవాడి చెయ్యి వేరు, మదనిక చెక్కినవాడి చెయ్యి వేరు. ఈ చేతిని తీసుకెళ్ళి ఆ రాయి మీద పెడితే నిలవదు.” తర్వాత తన కుడి మణికట్టు నా ముందు పెట్టారు. ఎముక పక్కన రేగిపండంత గడ్డ ఉంది. చిన్నప్పుడు మేనమామ వెంట తాండూరులో బండలు కొట్టారట మూడేళ్ళు. తాండూరు బండ పొరలు పొరలుగా లేస్తుంది, దెబ్బను లోపలికి తీసుకుంటుంది. అక్కడి నుంచి కరీంనగర్ గ్రానైట్ పనికి వచ్చిన మొదటి వారంలోనే చెయ్యి వాచి అన్నం ముద్ద కలపలేకపోయారు. “గ్రానైట్‌కు పొర లేదు. కొట్టిన దెబ్బ వెనక్కి వస్తుంది సార్, మణికట్టులోకి వస్తుంది. మీ సూటర్ అబద్ధం చెప్పలేదు.”

కాసేపు ఊరుకుని ఆయనే మళ్ళీ అన్నారు. “కానీ ఆ వాపు నెల దాటి ఉండదు. చెయ్యి రాటుదేలుతుంది. నెల తర్వాత కూడా ఉలి పట్టలేదంటే, అతనికి వేరే చోట అన్నం దొరికిందన్నమాట.”

సూటర్ గురించి నేను చదివిన పుస్తకాలలో ఈ రెండు మాటలూ కలిపి చెప్పినది ఒక్కటీ లేదు. వాపు నిజమే. అన్నం దొరకడమూ నిజమే. రాతి పని తెలిసినవాడికి ఆ రెండింటి మధ్య తగవు లేదు.

ఆ అన్నం ఎలా దొరికిందో సూటర్ పెద్దయ్యాక తానే చెప్పాడు. నెల జీతం, వారం జీతం అంటూ ఏమీ లేదు. అవసరమైనప్పుడు కోశాధికారిని కలవాలి. మూడు వారాలు ఏమీ తీసుకోకుండా ఉండి ఆ తర్వాత పది పౌండ్లు అడగవచ్చు. ఇవ్వడానికి ఎప్పుడూ పేచీ పెట్టలేదని కూడా అన్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కూలి దగ్గర మళ్ళీ వస్తాను.

1879లో డార్వెన్ జట్టు ఎఫ్‌ఏ కప్పు, అంటే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం నడిపే కప్పు, క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా ఓల్డ్ ఎటోనియన్స్, అంటే ఈటన్ బడిలో చదివిన గొప్పింటివారు. మ్యాచ్ లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో. ఇంకా పావుగంట ఉందనగా డార్వెన్ 5–1తో వెనకబడి ఉంది. ఆ పావుగంటలో నాలుగు గోల్స్ కొట్టి 5–5 చేశారు. అదనపు సమయం ఆడదామంటే ఎటోనియన్స్ ఒప్పుకోలేదు. మళ్ళీ ఆడాలి, అదీ లండన్‌లోనే. 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, పోయిన రోజుల కూలి ఎవరిస్తారు? ఊరంతా చందాలు వేసుకుని జట్టును పంపింది. రెండోది 2–2. మూడోసారి వెళ్ళారు. ఆ అలసిన కాళ్ళతో 6–2 తేడాతో ఓడిపోయారు. ఇక్కడికి వచ్చాక గురువుగారి గొంతు ప్రతిసారీ మారేది. ఓడినందుకు కాదు. మూడుసార్లూ రైలెక్కింది పనిచేసుకునేవారే అయినందుకు.

మాకూ అలాంటిది ఒకటి జరిగింది. 1981లో ఒక ఊళ్ళో టోర్నమెంటుకు పిలిచారు. బస్సు చార్జీలు, రెండు పూటలా భోజనం ఇస్తామన్నారు. రెండు మ్యాచ్‌లు గెలిచాం, మూడోది ఓడాం. ఓడిన సాయంత్రం నిర్వాహకులు కనిపించకుండా పోయారు. పదమూడుమంది పిల్లలకు గురువుగారు తన జేబులోంచి చార్జీలు పెట్టుకుని, ఒక్కొక్కరికీ పావుకిలో బొబ్బట్లు పొట్లం కట్టించి ఇంటికి తీసుకొచ్చారు. ఆ రాత్రి బస్సులో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. “ఆటకు డబ్బు తీసుకోవడం పాపమని చెప్పేవాణ్ణి ముందు వాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అడగండిరా.”

1880 వేసవిలో సూటర్ డార్వెన్‌ను వదిలి పక్క ఊరి జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు వెళ్ళిపోయాడు. డార్వెన్ భగ్గుమంది. ఆ నవంబరులో రెండు జట్లూ తలపడినప్పుడు సూటర్ దగ్గర మొదలైన తోపులాటకు జనం మైదానంలోకి దిగి, ఆట మధ్యలోనే ఆగిపోయింది. డార్వెన్ వారి కోపం నాకు తెలుసు. తన కోసం చందాలు వేసిన ఊరిని వదలడం చిన్న సంగతి కాదు. అయినా ఎక్కువ కూలి ఇచ్చే మిల్లుకు నేతగాడు మారితే ఎవరూ ద్రోహి అనరు కదా. ఆటగాణ్ణి మాత్రం ఎందుకు అనాలి?

మేస్త్రి మేనల్లుడు అప్పుడు గ్రైండర్ ఆపి మా దగ్గరకు వచ్చాడు. “గెలిచాడా మరి?” అన్నాడు.

గెలిచాడు. 1882లో రోవర్స్ ఫైనల్‌కు చేరి అదే ఓల్డ్ ఎటోనియన్స్ చేతిలో 1–0తో ఓడారు. మరుసటి ఏడాది అదే ఊళ్ళోని మరో జట్టు, బ్లాక్‌బర్న్ ఒలింపిక్, ఎటోనియన్స్‌ను 2–1తో ఓడించి కప్పును మొదటిసారి శ్రామికుల ఊరికి తెచ్చింది. తర్వాత రోవర్స్ వరుసగా మూడేళ్ళు గెలిచారు. 1884లో, 1885లో క్వీన్స్ పార్క్ మీద. సూటర్ పుట్టిన ఊరి జట్టు మీదే. 1886లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ మీద, మొదటి మ్యాచ్ సున్నాలతో ముగిస్తే డెర్బీలో మళ్ళీ ఆడి 2–0తో. వరుసగా మూడుసార్లు గెలిచినందుకు వారికి ప్రత్యేకంగా ఒక వెండి డాలు చేయించి ఇచ్చారు.

మధ్యలో డబ్బు గొడవ పెరిగి పెద్దదైంది. 1884లో ప్రెస్టన్ జట్టు ఆటగాళ్ళకు డబ్బిస్తోందని ఫిర్యాదు వస్తే, ఆ క్లబ్బు పెద్ద విలియం సడెల్ దాచకుండా ఒప్పుకున్నాడు. ప్రెస్టన్‌ను కప్పు నుంచి తీసేశారు. ఉత్తరాది క్లబ్బులన్నీ విడిపోయి వేరే సంఘం పెట్టుకుంటామని పట్టుబట్టాయి. చివరకు 1885 జులై 20న ఆటకు డబ్బు తీసుకోవడాన్ని ఇంగ్లండు సంఘంవారు ఒప్పుకున్నారు. అది కూడా షరతుతో. కప్పులో ఆడాలంటే ఆ ఆటగాడు మైదానానికి ఆరు మైళ్ళ లోపు పుట్టి ఉండాలి, లేదా రెండేళ్ళు నివసించి ఉండాలి. స్కాట్లండు 1893 దాకా ఒప్పుకోలేదు. ఇంగ్లండు క్లబ్బులలో ఆడే తన ఆటగాళ్ళను 1896 దాకా జాతీయ జట్టులోకి తీసుకోలేదు. అందువల్ల మూడు కప్పులు గెలిచిన సూటర్ స్కాట్లండు తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేదు.

పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు 1888లో మొదలైంది. కూలి తీసుకుని ఆడటం ఇక గౌరవమైన పని. కానీ సూటర్ వయసు ముప్పై దాటింది. ఆ లీగులో అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ గోల్‌కీపర్‌గా. తర్వాత డార్వెన్‌లో హోటలు నడిపాడు. అవును, ఆ డార్వెన్‌లోనే. 1916 జులై 31న బ్లాక్‌పూల్‌లో చనిపోయాడు. ముందు వచ్చిన జేమ్స్ లవ్‌కు ఆ మాత్రం ఆయుష్షు కూడా లేదు. నౌకాదళ సిపాయిగా చేరి 1882లో ఈజిప్టులో జ్వరంతో పోయాడు. సూటర్, లవ్ దారిలో స్కాట్లండు నుంచి వచ్చి ఇంగ్లండుకు బంతిని అందించుకునే ఆట నేర్పినవారిని ‘స్కాచ్ ప్రొఫెసర్లు’ అన్నారు. మేస్త్రి అడిగిన ‘పంచుకోవడం’ అదే.

ఇక పని గురించి. పలక నల్ల గ్రానైట్, రెండడుగులు బై మూడడుగులు. మెరుపు పాలిష్ మీద గీత కనిపించదు కాబట్టి సున్నపు నీళ్ళు పలచగా పూసి, ఆరాక పెన్సిలుతో అక్షరాలు రాశారు. రాసిన రోజు నన్ను పిలిచి చూపించారు. ‘గురువు’లో మూడు కొమ్ములూ ఒకే పొడవున లేవంటే చెరిపి మళ్ళీ రాశారు. చెక్కడం మూడు రోజులు పట్టింది. రెండో రోజు పక్కన కూర్చుని చూశాను. ఉలిని ఒక పక్కకు వాల్చి గీత పొడవునా కొడతారు, మళ్ళీ ఎదురు పక్కకు వాల్చి అంతే లోతు కొడతారు. మధ్యలో సన్నటి లోయ మిగులుతుంది. గట్టిగా కొట్టరు. తబలా మీద వేలు పడినంత బలం, కానీ ఎడతెగకుండా. మన అక్షరాలు గుండ్రమైనవి, ఉలి అంచు తిన్ననిది. అందుకని సున్నాను ముక్కలు ముక్కలుగా తిప్పుకుంటూ పోవాలి. తలకట్టు చివరన కొడతారు. ముందే కొడితే మొనల దగ్గర పెచ్చు లేస్తుందట. ఒత్తు దగ్గరకు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి ఉలి మార్చారు, అగ్గిపుల్లంత సన్నది.

‘శిష్యులు’ దగ్గర ఒక పెచ్చు లేచింది. బియ్యపుగింజలో సగం ఉంటుంది. నేను గమనించలేదు. ఆయనే చూపించి, పలకను తిప్పి రెండో వైపు పాలిష్ చేసి మొత్తం మళ్ళీ చెక్కుతానన్నారు, కూలి అడగనన్నారు. వద్దన్నాను. ఆ అక్షరం కొంచెం లోతుగా చెక్కి పెచ్చును అందులో కలిపేశారు. ఎక్కడుందో ఇప్పుడు నాకే వెతికితే కానీ దొరకదు.

లోపాలు కూడా చెప్పాలి. పది రోజుల్లో ఇస్తానన్నది పంతొమ్మిది రోజులైంది. మధ్యలో మేడారం జాతరకు వెళ్ళి నాలుగు రోజులు షెడ్డు మూసేశారు, ముందుగా చెప్పలేదు. రాతి పొడి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. మేనల్లుడు ముఖానికి తువ్వాలు తప్ప ఏమీ కట్టుకోడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదని ఆ అబ్బాయికి చెప్పాను, మంచి ముసుగులు ఒక డబ్బా కొనిచ్చాను. వెళ్ళేవారు మీరూ ఒక మాట చెప్పండి. రసీదు ఇవ్వరు. అన్నిటికన్నా నాకు నచ్చని సంగతి, కూలి ముందుగా చెప్పకపోవడం. ఎంతవుతుందని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ, “పని చూశాక మీకు తోచింది ఇవ్వండి సార్” అన్నారు.

నేను ఒప్పుకోలేదు. సూటర్ కోశాధికారి దగ్గరకు వెళ్ళి అడిగి తెచ్చుకున్నట్టు మీరెందుకు అడగాలి అన్నాను. అతనికి ఇచ్చే జట్టు దొరికింది కాబట్టి సరిపోయింది. మాకు 1981లో దొరకలేదు. తోచింది ఇవ్వమంటే పెద్దమనసు ఉన్నవాడు ఎక్కువిస్తాడు, లేనివాడు అంతటి పనినీ వెయ్యి రూపాయలకు మోసుకుపోతాడు. చివరకు ఇద్దరం కాగితం పెట్టుకుని కూర్చున్నాం. రాయి చదరపు అడుగుకు 260 చొప్పున ఆరు అడుగులకు 1,560. అంచుల పాలిష్ 400. అక్షరానికి 40 చొప్పున 71 అక్షరాలకు 2,840. మొత్తం 4,800. ఆటోలో కాజీపేటకు చేర్చి, సిమెంటు దిమ్మె మీద నిలబెట్టడానికి 500 వేరే.

లెక్క చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆయన ‘ష్యు’ను ఒక అక్షరంగా లెక్కపెట్టారు. ‘క్ష’ను ఒక అక్షరంగా లెక్కపెట్టారు. ఊపిరి బిగబట్టి, ఉలి మార్చి చెక్కిన ఒత్తుకు కూలి లేదు. ఇదేమిటని అడిగితే, మా నాన్న కాలం నుంచీ అంతే సార్ అన్నారు. పలక మీద వేలు పెట్టి నేనే ఒత్తులు లెక్కపెట్టాను, పద్దెనిమిది. ఒక్కోదానికి 20 చొప్పున 360 రూపాయలు ఆయన ముందు పెట్టాను. వద్దని రెండుసార్లు అన్నారు. మూడోసారి తీసుకుని, మేనల్లుడి చేత లెక్కపుస్తకంలో ‘ఒత్తులు 360’ అని రాయించారు.

పలక నిలబెట్టిన రోజు మేస్త్రి కూడా వచ్చారు. చిన్నపిల్లలు ఆడుతుంటే వేపచెట్టు కింద కూర్చుని చాలాసేపు చూశారు.

వెళ్ళేవారికి రెండు మాటలు. ఉదయం పదిలోపు వెళ్ళండి. ఆ తర్వాత కోత యంత్రం నడుస్తుంది, ఒకరి మాట ఒకరికి వినపడదు. చెక్కించాల్సిన మాటలు విడివిడి అక్షరాలతో, తెల్లకాగితం మీద, చేతిరాతతో తీసుకెళ్ళండి. గట్టి నల్ల గ్రానైటే అడగండి, ఖర్చు తగ్గుతుందని మెత్తటి బండకు పోకండి, అక్షరం అంతకాలం నిలవదు. పోయిన వారం మా జట్టులో గోల్‌కీపరుగా ఆడిన మిత్రుడు తన తల్లిగారి సమాధి ఫలకం కోసం వెళ్ళాడు. అడగకముందే చెప్పారట: అక్షరానికి 40, ఒత్తుకు 20.